ఋణముపై గృహఋణము

ఇల్లు కొనుటకై బ్యాంకునకు దరఖాస్తు పెట్టు ఉద్యోగికి అంతకు ముందే కారు వాయిదా, క్రెడిట్ కార్డు బాకీ, ఇంటిలో పెండ్లికై తెచ్చిన వ్యక్తిగత ఋణము ఉండుట నేడు వింత కాదు. అట్టివానికి గృహఋణము దొరకునా యని పలువురు సందేహింతురు. దొరకును. ఎట్టి భారముతో దొరకుననునదియే విచారింపదగిన విషయము.

ఋణదాతలు దరఖాస్తుదారుని నెలవాయిదాలను ముందుగా లెక్కింతురు. ఆదాయములో ఇంచుమించు సగమునకు మించి వాయిదాలకు పోరాదనుట పెక్కు సంస్థల వాడుక. నెలకు 60,000 రూపాయలు చేతికి వచ్చువానిని తీసికొందము. పాతబాకీ లేనిచో వాడు 30,000 రూపాయల వాయిదా మోయగలడు; సాలుకు నూటికి 9 వడ్డీపై 20 ఏండ్ల గడువునకు వానికి సుమారు 33 లక్షలు దొరకును. నెలకు 10,000 రూపాయల పాతవాయిదా ఉన్నచో అది 22 లక్షలకు దిగును. ఆ బాకీ రెండేండ్లలో తీరునదైనచో, నూటికి 14 వడ్డీ చొప్పున మిగిలిన అసలు రెండు లక్షల పైచిల్లర మాత్రమే! రెండు లక్షల బాకీ పదునొకండు లక్షల పరపతిని హరించుచున్నది. దానిని ముందు తీర్చి పిదప ఇంటిమాట తలపెట్టుట మేలని వేరుగ చెప్పనేల?

కాని పలువురు బాకీ తీర్చుటకు మారుగా గడువును సాగదీయుచున్నారు. 30 లక్షల ఋణమును 9 వడ్డీపై 20 ఏండ్లలో తీర్చినచో నెలకు 26,992 రూపాయలు; 30 ఏండ్లలో తీర్చినచో 24,139. ఊరట నెలకు మూడువేలకు లోపు. దానికి మూల్యము 22 లక్షలకు పైబడిన అదనపు వడ్డీ.

ఇంతకన్న శోచనీయమైన అలవాటు మరియొకటి కలదు. రిజర్వు బ్యాంకు నియమము ననుసరించి 30 లక్షల వరకు ఋణము ఇంటి విలువలో నూటికి 90 వంతులకు, 75 లక్షల వరకు 80 వంతులకు, ఆపైన 75 వంతులకు మించరాదు. కొనువాడు మిగిలిన వంతును తన సొమ్ముగా పెట్టవలెనని దీని భావము. ఆ వంతునే నగలు కుదువబెట్టియో, ప్రోనోటు వ్రాసియో, చీటీ పాడియో తెచ్చినచో నియమ మేమయినట్లు? బ్యాంకు ఋణములు పరపతి సమాచార సంస్థల పట్టికల కెక్కును. మిత్రునికై ఇచ్చిన హామీ సైతము అందు కనబడును. ఊరిలో వ్రాసిన ప్రోనోటు కనబడదు. బ్యాంకు కంటబడని ఆ బాకీ ఇంటి పద్దులో మాత్రము ప్రతినెల కంటబడుచునే యుండును.

1938లో మద్రాసు ప్రభుత్వము చేసిన రైతుఋణ విమోచన శాసనము తెలుగు జిల్లాల రైతుల బాకీలను తగ్గించినది. నేటి గృహఋణికి అట్టి అండ లేదు. వాయిదాలు 90 దినములు దాటి నిలిచి ఋణము మొండిబాకీ యయినచో, 2002 నాటి శాసనము క్రింద ఋణదాత 60 దినముల నోటీసిచ్చి, సివిలు కోర్టులో దావా వేయకయే, ఇంటిని స్వాధీనపరచుకొన పూనవచ్చును.

వడ్డీయు స్థిరమైనది కాదు. 2022 మే నుండి 2023 ఫిబ్రవరి వరకు రెపో రేటు 4 నుండి 6.5కు పెరిగినపుడు పెక్కుమంది గడువులు ఏండ్ల తరబడి పొడిగిపోయినవి. వడ్డీ మారినపుడు వాయిదా పెంచుకొందురో, గడువు పెంచుకొందురో ఋణగ్రహీతనే యడుగవలెనని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. మారెడు వడ్డీపై తీసికొన్న గృహఋణమును ముందుగా చెల్లించినందులకు వ్యక్తులనుండి జరిమానా వసూలు చేయరాదనుటయు అమలులో నున్న నియమమే. కారు బాకీ తీరిన నెల నుండియే ఆ వాయిదా సొమ్మును ఇంటి అసలులో జమకట్టుటకు అడ్డులేదు. ఈ హక్కులను బ్యాంకువారు సంతకమునకు ముందే తెలుగులో చదివి వినిపింపవలెనని మేము కోరుచున్నాము.