చనిపోయినవారి పేర పట్టా ఎన్నాళ్లు?

తండ్రి పోయి పదేండ్లయినను పట్టా ఆయన పేరనే ఉండుట మన గ్రామములలో వాడుక. పంట అప్పుకై బ్యాంకుకు పోయిననాడు గాని ఆ సంగతి గుర్తుకు రాదు. అప్పుడు అన్నదమ్ములు హడావిడిగా తహశీల్దారుకు అర్జీ పెట్టుదురు. అందులో తల్లి పేరు గాని, అక్కచెల్లెండ్ర పేర్లు గాని ఉండవు. తగవులకు మొదలు ఇక్కడనే.

1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా వ్రాయక గతించినవాని స్వార్జితములో భార్యకు, తల్లికి, ప్రతి కొడుకునకు, ప్రతి కూతురునకు తలకొక సమాన భాగము. ఆరెకరములుండి, భార్య, తల్లి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుండ్రు మిగిలినచో ఒక్కొక్కరికి ఎకరమే. ముసలితల్లినైతే అందరును మరతురు! ఉమ్మడి పిత్రార్జితములో కూతురికి పుట్టుకతోనే హక్కు కలదని సుప్రీంకోర్టు 2020లో తేల్చినది. కట్నమిచ్చితిమి గదా అన్నంత మాత్రమున అది పోదు. ఆమె ఇష్టపడి వదలుకొన్నచో రిజిస్టరు దస్తావేజు వ్రాయించుకొనవలెను.

గ్రామాధికారులు విచారణకు పోయినపుడు కొడుకుల మాట మాత్రమే వ్రాసికొని రాక, ఆ ఇంటి ఆడవారిని కూడ అడుగవలెను. పట్టా మార్పిడి హక్కును పుట్టించదు, పోగొట్టదు. అయినను ఒకసారి పేరు తప్పిపోయినచో, దానిని ఎక్కించుకొనుటకు ఆ ఆడకూతురు ఏండ్ల తరబడి కచేరీల చుట్టు తిరుగవలసి వచ్చుచున్నది.