విద్యుత్తు ఆదా కావలసిందే. భారం ఎవరి మీద?

"పొదుపు" అన్న మాట వినగానే మన సోదర ఉద్యోగుల మనస్సులో అనుమానం తలయెత్తుతుంది. అందుకు కారణం లేకపోలేదు. రైల్వేలలో గాని, తపాలా శాఖలో గాని పై అధికారులు పొదుపు మంత్రం పఠించినప్పుడల్లా అది ఖాళీ అయిన పోస్టులను భర్తీ చేయకపోవడంగానో, గ్యాంగులో మనుషులను తగ్గించడంగానో, శాశ్వతమైన పనిని కాంట్రాక్టుకు ఇచ్చివేయడంగానో పరిణమించిన అనుభవం మనకున్నది. అయినప్పటికీ పొదుపునే శత్రువుగా చూడడం కార్మికోద్యమానికి తగదని మేము భావిస్తున్నాము. ప్రజాధనం వృథా అయితే ఆ నష్టాన్ని తుదకు మోసేది ప్రజలే; ఆ ప్రజలలో మనమూ వున్నాము. అందుచేత ఏ పొదుపు పథకం ముందుకు వచ్చినా మనం రెండు ప్రశ్నలు వేయాలి. ఆదా అవుతున్నదేమిటి? అందుకు మూల్యం చెల్లిస్తున్నదెవరు?

ఈ ప్రశ్నలను ఈసారి విశ్వవిద్యాలయాల విషయంలో పరిశీలించదలచాము. విశ్వవిద్యాలయంతో మనకేమి పని అని ఎవరైనా అడగవచ్చు. గ్యాంగ్‌మన్ కుమారుడు, పోస్ట్‌మన్ కుమార్తె చదువుకోగలిగేది ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోనే. అదిగాక, పెద్ద జంక్షను పక్కనున్న రైల్వే కాలనీ ఎటువంటిదో విశ్వవిద్యాలయ ప్రాంగణమూ అటువంటిదే. వసతి గృహాలు, ప్రయోగశాలలు, గ్రంథాలయం, సిబ్బంది క్వార్టర్లు, నీటి పంపులు, వీధి దీపాలు అన్నీ కలిసి అదొక చిన్న పట్టణం. అక్కడ నేర్చుకొన్న పాఠం మన వర్క్‌షాపుకూ, మన సార్టింగ్ హాలుకూ పనికివస్తుంది.

ఆర్.ఎం.ఎస్.లో పనిచేసే మా సహచరుడొకరు తన కుమార్తె చదువుతున్న విశ్వవిద్యాలయపు సంగతి ఇటీవల మాకు చెప్పారు. విద్యుత్ బిల్లు పెరిగిపోయినదన్న కారణంతో అక్కడి పఠన మందిరాన్ని అర్ధరాత్రి వరకు తెరచివుంచే ఆచారం మాన్పించి, రాత్రి 8 గంటలకే మూసివేస్తున్నారట. దానితోపాటు కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్లలో, పంపు ఆపరేటర్లలో కొందరిని తొలగించారట. ఇరుకైన గదిలో నలుగురితో కలిసి వుండే విద్యార్థినికి ఆ నాలుగు గంటల వెలుతురు ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. అయినా భావోద్రేకాన్ని పక్కనపెట్టి లెక్కే చూద్దాము.

ఒక పఠన మందిరంలో 20 ట్యూబు లైట్లు, 20 ఫ్యాన్లు వున్నవనుకొందాము. పాత రకం ట్యూబు లైటు చోకుతో కలిపి సుమారు 55 వాట్లు, పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకొంటాయి. మొత్తం 2,600 వాట్లు. రాత్రి 8 నుండి 12 వరకు నాలుగు గంటలు నడిస్తే పదిన్నర యూనిట్లు కూడా కాదు. యూనిట్ ధర 8 రూపాయలని లెక్కకు తీసుకొంటే రాత్రికి సుమారు 83 రూపాయలు. ఒకటిన్నర టన్నుల పాత ఎయిర్ కండిషనర్ గంటకు దాదాపు ఒకటిన్నర యూనిట్లు తీసుకొంటుంది. అంటే మనిషి లేని ఒక అధికారి గదిలో ఏడు గంటలు వృథాగా నడిచిన ఒక్క ఎయిర్ కండిషనర్, ఆ పఠన మందిరం మొత్తానికి ఒక రాత్రి కాగల విద్యుత్తును మింగివేస్తుంది.

పాత వాటి స్థానంలో 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబులు, సుమారు 30 వాట్లతో తిరిగే బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు అమర్చితే అదే పఠన మందిరానికి రాత్రికి 4 యూనిట్లు, అనగా 32 రూపాయలు చాలును. తలుపు మూయకుండానే ఖర్చు సగానికంటె తక్కువకు దిగుతుంది.

ఇదే లెక్కను ప్రాంగణమంతటికీ వర్తింపజేయండి. 2,000 ఫ్యాన్లు, ఒక్కొక్కటి ఏడాదికి 2,500 గంటలు తిరుగుతున్నవనుకొందాము. ఫ్యానుకు 45 వాట్ల చొప్పున ఆదా అయితే సంవత్సరానికి 2,25,000 యూనిట్లు మిగులుతాయి. అదే ధర చొప్పున 18 లక్షల రూపాయలు. ఫ్యాను ఖరీదు 3,000 రూపాయలనుకొన్నా 60 లక్షల పెట్టుబడి మూడున్నర సంవత్సరాలలోపే తిరిగివస్తుంది.

ఇంత సుళువైన లెక్క అధికారులకు తెలియదా? తెలుసును. కాని కరెంటు బిల్లు ఒక పద్దు క్రింద, కొత్త పరికరాల కొనుగోలు మరొక పద్దు క్రింద వుంటాయి. కొనుగోలుకు మంజూరు తేవాలంటే ఎన్నో బల్లలు దాటాలి. పఠన మందిరానికి తాళం వేయడానికి ఒక్క సర్క్యులర్ చాలు. అందుచేత సులభమైన మార్గం ఎన్నుకొంటారు. దానివలన ఖర్చు నిజంగా తగ్గదు. సంస్థ పుస్తకాలలో నుంచి విద్యార్థి నెత్తిమీదికి, చిన్న ఉద్యోగి నెత్తిమీదికి మారుతుంది. బ్రాంచి పోస్టాఫీసుకు తామే చోటు చూపవలసివచ్చే గ్రామీణ డాక్ సేవకులకు ఈ విద్య వేరుగా వివరించనక్కరలేదు.

ఎలక్ట్రీషియనును, పంపు ఆపరేటరును తొలగించడం మరింత తెలివితక్కువ పని. హైటెన్షన్ వినియోగదారు వాడిన యూనిట్లకే గాక, ఆ నెలలో ఏర్పడిన గరిష్ఠ డిమాండుకు కూడా చార్జీ చెల్లించాలి. ఉదయం 11 గంటలకు ప్రయోగశాలలు, ఎయిర్ కండిషనర్లు, నీటి పంపులు అన్నీ ఒక్కసారి నడిస్తే డిమాండు పెరుగుతుంది. ట్యాంకులను తెల్లవారుజామునే నింపివుంచితే అది తగ్గుతుంది. కెపాసిటర్లు చెడిపోయి పవర్ ఫ్యాక్టర్ పడిపోయినా బిల్లు పెరుగుతుంది. ఏ మోటారు వేడెక్కుతున్నదో, ఏ పైపు కారుతున్నదో, ఏ పంపును ఎప్పుడు నడపాలో ఎరిగినవాడు ఆ ఎలక్ట్రీషియనే, ఆ ఆపరేటరే. పొదుపు చేయగలిగిన చేతులను పొదుపు పేరుతోనే నరికివేయడం ఏ లెక్కల శాస్త్రము?

సరైన మార్గం మన దేశానికి తెలియనిది కాదు. 2001లో ఇంధన పరిరక్షణ చట్టం వచ్చినది. 2002లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ ఏర్పడినది. ఎయిర్ కండిషనరులో ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు మిగులుతుందని ఆ సంస్థ చెప్పుచున్నది. ప్రభుత్వరంగం మూకుమ్మడిగా కొనుగోలు చేసినందున ఎల్.ఇ.డి. బల్బు సేకరణ ధర 2014లో 310 రూపాయలుండగా 2016 నాటికి 38 రూపాయలకు దిగినది. మన రైల్వేలలో త్రీఫేజ్ ఇంజన్లు బ్రేకు వేసినప్పుడు విద్యుత్తును తిరిగి తీగలకు పంపుతున్నవి. హెడ్ ఆన్ జనరేషన్ పద్ధతిలో పెట్టెల దీపాలకు, ఎయిర్ కండిషనింగుకు ఇంజను ద్వారా పైతీగల విద్యుత్తునే అందిస్తున్నందున డీజిల్ పవర్ కార్లపై ఆధారపడే అవసరం తగ్గినది. ప్రయాణీకుల పెట్టెలో దీపం ఆర్పకుండానే ఈ ఆదా సాధ్యమైనది. అయితే ఇటువంటి మార్పు వచ్చినప్పుడు ఆ పని చేసినవారికి ప్రత్యామ్నాయం చూపడం యాజమాన్యం బాధ్యత. యంత్రం తెచ్చిన లాభంలో శ్రామికునికి భాగముండాలి.

కనుక విశ్వవిద్యాలయాలలో గాని, మన శాఖలలో గాని పొదుపు పథకం వచ్చినప్పుడు మూడు విషయాలు కోరవలెనని మా సూచన. మొదటిది, ప్రతి భవనానికి వేరుగా మీటరు పెట్టి, నెలనెలా లెక్కను నోటీసు బోర్డుపై ప్రకటించాలి. విద్యుత్ తనిఖీలో ఉద్యోగుల, విద్యార్థుల ప్రతినిధులకు స్థానముండాలి. రెండవది, ఆదా అయిన సొమ్మును ప్రత్యేక ఖాతాలో వుంచి కొత్త పరికరాలకు, వసతి గృహాల సౌకర్యాలకు వినియోగించాలి. పొదుపు పేరుతో ఒక్క పోస్టునూ రద్దు చేయరాదు. మూడవది, సౌర ఫలకాలకో, దీపాల మార్పిడికో ప్రైవేటు కంపెనీతో ఒప్పందం చేసుకొంటే దాని షరతులు బహిరంగపరచాలి. ఎంత ఆదా అయినదో కొలిచే బాధ్యత లాభం తీసుకొనే కంపెనీకే అప్పగించరాదు. మేడలపై ఫలకాలు తుడిచే కార్మికునికి రక్షణ బెల్టు, బీమా లేని ఒప్పందాన్ని అంగీకరించరాదు.

ఇతరులను అడుగుతున్నప్పుడు మన ఇల్లు కూడా చూసుకోవాలి. ఖాళీ విశ్రాంతి గదిలో తిరిగే ఫ్యాను, పట్టపగలు వెలిగే కాలనీ దీపం మన కళ్ళ ఎదుటనే వున్నవి. వాటిని ఆపడానికి మనకు ఏ సర్క్యులరూ అక్కరలేదు. మన చేతిలోని పని మనం చేసినప్పుడే యాజమాన్యాన్ని నిలదీసే మాటకు బలం వస్తుంది.

రాబోయే బ్రాంచి సమావేశాలలో ఈ విషయాన్ని చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాము. పిల్లలను విశ్వవిద్యాలయాలకు పంపిన సోదరులు అక్కడి ఉద్యోగ సంఘాలకు, విద్యార్థులకు ఈ లెక్కలు అందజేయాలి. 83 రూపాయల కోసం మూసిన తలుపును ఆ లెక్క చూపించియే తెరిపించవచ్చును.