కొలువు పోయిన రోజున కనిపించే దేశం

1991 నవంబరు ఉపఎన్నికలో నంద్యాల ఓటర్లు ఏకంగా ప్రధానమంత్రినే తమ ఎంపీగా గెలిపించుకున్నారు. పీవీ నరసింహారావు ప్రభుత్వం ఆర్థిక సంస్కరణలకు తలుపు తీసి అప్పటికి నాలుగైదు నెలలే అయింది. ఆ అక్టోబరు 1నే అమెరికాలో హెచ్-1బి వీసా అమల్లోకి వచ్చింది. ఇక్కడ తీసిన తలుపు, అక్కడ తీసిన తలుపు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయని కేసీ కాలువ కింద వరి పండించే రైతుకు ఆనాడు తట్టి ఉండదు. ముప్పై ఏళ్లు తిరిగేసరికి ఆ రైతు మనవడు డాలస్‌లో ఉన్నాడు. పెళ్లిళ్లలో, చావుల్లో ఎదురుపడ్డ బంధువులు ఇంకా అదే అడుగుతారు: ‘మీవోడు యాడుండాడు? నెలకెంత వస్తాదంట?’

స్విట్జర్లాండు పేరు చెప్పగానే మాత్రం ఆ ప్రశ్నకు ముందు ఒక నవ్వు వస్తుంది. ఆ దేశం మనకు తెలిసింది సినిమా పాటల్లో. హీరోయిన్ పల్చటి చీరలో మంచు మీద పరుగెత్తిన చోటు అది. అక్కడ మనుషులు పనికి వెళ్తారని, అద్దె కడతారని, చెత్త సంచులకు కూడా డబ్బు చెల్లిస్తారని మనకెవరూ చూపించలేదు. అమెరికా మనకు చిరునామాగా వస్తే, స్విట్జర్లాండు సీనరీగా వచ్చింది.

ఇప్పుడు ఈ పోలిక ఎందుకంటే, 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు బయటి నుంచి కొత్తగా హెచ్-1బి మీద తెచ్చుకునే ఉద్యోగికి లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. కొద్దిరోజులకే, అక్టోబరు 1న, స్విట్జర్లాండు సహా నాలుగు దేశాల ‘ఎఫ్టా’ కూటమితో భారత్ కుదుర్చుకున్న వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఒక తలుపు మూసుకుంటోంది కాబట్టి ఇంకోటి తెరుచుకుందని కొందరు లెక్కలు వేస్తున్నారు. ఆ లెక్క తప్పు. ఐరోపా కూటమికీ ఎఫ్టాకూ చెందని దేశాల నిపుణులకు స్విస్ ప్రభుత్వం ఏటా ఇచ్చే పర్మిట్లు 8,500. ఒప్పందం వచ్చినా ఆ కోటా అలాగే ఉంది. పైగా తమ దేశంలో గానీ, ఐరోపాలో గానీ తగిన మనిషి దొరకలేదని కంపెనీ నిరూపించుకోవాలి. అమెరికా ఏటా లాటరీ తీసే హెచ్-1బిలు 85,000. జనాభాతో పోలిస్తే, ఈ రెండు అంకెల వరకైతే, తొంభై లక్షల మంది ఉన్న స్విట్జర్లాండే ఎక్కువ ఇస్తున్నట్టు. కానీ మనవాళ్లకు కావలసింది నిష్పత్తి కాదు, మేనమామ కొడుకు అక్కడున్నాడా లేడా అన్నది. మనవాళ్లలో స్విట్జర్లాండుకు చేరేది ఎక్కువగా కంపెనీ ద్వారానే. బాసెల్‌కు చెందిన నోవార్టిస్‌కు హైదరాబాదులో పెద్ద కేంద్రం ఉంది. జ్యూరిక్ బ్యాంకు యూబీఎస్‌కూ ఉంది.

సరే, చేరారు. అక్కడి నుంచి రెండు బతుకుల తేడా జీతం చీటీలో కనబడదు. ఉద్యోగం పోయినప్పుడో, బిడ్డ పుట్టినప్పుడో కనిపిస్తుంది.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో యజమాని ఏ కారణమూ చెప్పకుండా ఆ పూటే ఇంటికి పంపవచ్చు. హెచ్-1బి ఉద్యోగికి ఆ తర్వాత మిగిలేది గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా ఇంకో యజమాని దొరకాలి, లేదంటే వేరే వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి, కాదంటే పెట్టె సర్దుకోవాలి. ఆరోగ్య బీమా కూడా కంపెనీదే కాబట్టి కొలువుతోపాటు అదీ పోతుంది. కొనసాగించాలంటే కంపెనీ వాటా కూడా తానే కట్టుకోవాలి. ఇల్లు, కారు, పిల్లల బడి, భార్య వీసా అన్నీ ఒకే మేకుకు వేలాడుతుంటాయి. ఆ మేకు యజమాని గోడకు ఉంది.

స్విట్జర్లాండులో మనిషిని తీసేయడం కష్టమని అనుకోకూడదు. ఐరోపాలో ఉద్యోగులను తేలిగ్గా పంపగల దేశాల్లో అదొకటి. కాకపోతే నోటీసు ఇవ్వాలి. చట్టం ప్రకారం మొదటి ఏడాది నెల, తర్వాత రెండు నెలలు, పదో ఏడాది నుంచి మూడు నెలలు. జబ్బుపడ్డ మనిషిని కొంతకాలం తీసేయడానికి వీల్లేదు. రెండేళ్లలో పన్నెండు నెలలు చందా కట్టి ఉంటే నిరుద్యోగ బీమా కింద జీతంలో 70 నుంచి 80 శాతం అందుతుంది. ఆరోగ్య బీమాకు కంపెనీతో సంబంధమే లేదు. దేశంలో అడుగుపెట్టిన మూడు నెలల్లో ప్రతి మనిషీ, పుట్టిన పసిబిడ్డ పేరుతో సహా, సొంతంగా కొనుక్కోవాలి. ప్రీమియం చూసి మనవాళ్లు గుండె పట్టుకుంటారు. కానీ కొలువు పోయినా ఆ కార్డు చెల్లుతుంది. పర్మిట్ గడువు తీరేలోగా పని దొరక్కపోతే పునరుద్ధరణ కష్టమే. అయితే అది 60 రోజుల పరుగు కాదు.

బిడ్డ పుట్టే ఇంటి సంగతి ఇంకా స్పష్టం. నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ నుంచి కూతురి పురుడుకు విమానమెక్కే తల్లి అమెరికాలో సాధారణంగా ఆరు నెలలు ఉండవచ్చు. స్విట్జర్లాండుకు షెంగెన్ వీసా మీద వెళ్తే 90 రోజులే. ఇంతవరకు అమెరికాదే పైచేయి. కానీ అక్కడ కూతురికి జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఇవ్వాలని ప్రైవేటు కంపెనీలను నిర్బంధించే కేంద్ర చట్టమే లేదు. 1993 నాటి చట్టం ఇచ్చేది 12 వారాలు, జీతం లేకుండా, అదీ చిన్న కంపెనీలకు వర్తించదు. అందుకే ఆ అమ్మ ఆరు నెలలు ఉండాల్సి వస్తోంది. స్విట్జర్లాండులో 2005 నుంచి 14 వారాల సెలవు, 80 శాతం జీతంతో. అమ్మ తిరుగు ప్రయాణం, కూతురి సెలవు ముగింపు దాదాపు ఒకే వారంలో పడతాయి. ఆ తర్వాత శిశు సంరక్షణ కేంద్రం ఫీజు చూసి ఇద్దరిలో ఒకరు సగం రోజుల పనికి దిగుతారు. చాలా ఊళ్లలో పిల్లలు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేస్తారు, ఇంట్లో తల్లి ఉంటుందన్న పాత ధీమాతో. అక్కడ ఆడవాళ్లకు జాతీయ ఎన్నికల్లో ఓటు వచ్చింది 1971లో మరి! ఆళ్లగడ్డ అవ్వలు అప్పటికే నాలుగు సార్వత్రిక ఎన్నికల్లో ఓటు వేయగలిగారు.

రోజువారీ ఇబ్బందులు రెండు చోట్లా ఉన్నాయి. అమెరికాలో తాలింపు వేస్తే పొగ అలారం మోగుతుంది. స్విట్జర్లాండులో ఆదివారం పిండి మిక్సీ వేస్తే పక్కింటి నుంచి చీటీ వస్తుంది. ఆ రోజు దుకాణాలు మూత, ఖాళీ సీసాలు డబ్బాలో వేయడమూ నిషేధం. అపార్ట్‌మెంటులో బట్టలు ఉతుక్కోవడానికి ఎవరి వంతు రోజు వారిది. డాలస్ శివార్లలో కారు నడపడం రాని పెద్దవాళ్లు పాల ప్యాకెట్టుకైనా కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా కూర్చోవాలి. జ్యూరిక్‌లో ట్రాములో తిరిగి రావచ్చు, కానీ ఆ ట్రాములో తెలుగు మాట వినబడదు. డాలస్‌లో గుడికెళ్తే నంద్యాలవాళ్లే తగులుతారు.

యజమాని పెత్తనం లేని సెలవు మాత్రం స్విస్ సొత్తు. ఏడాదికి కనీసం నాలుగు వారాలు ఇవ్వాలని చట్టం. 2012లో దాన్ని ఆరు వారాలు చేద్దామా అని ప్రజలనే అడిగితే మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. నంద్యాలలో చెబితే ఎవరూ నమ్మలేదు. అమెరికా కేంద్ర చట్టంలో ప్రైవేటు ఉద్యోగికి జీతంతో సెలవు ఒక్క రోజు కూడా లేదు, అంతా కంపెనీ దయ.

చదువు సంగతి చూస్తే మన కన్సల్టెన్సీ బోర్డుల మీద స్విస్ జెండా దాదాపు కనబడదు. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ 2025 నుంచి విదేశీ విద్యార్థుల ఫీజును మూడింతలు చేసింది. అయినా అది సెమిస్టరుకు 2,190 ఫ్రాంకులే. కమీషను ఇవ్వని చోటును ఏ ఏజెంటు చూపిస్తాడు? పైగా సీటు దొరకడం కష్టం, అక్కడ బతకడానికి ఖర్చు ఎక్కువ, పట్టా తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి ఆరు నెలలే. అమెరికాలో సైన్సు, ఇంజినీరింగు పట్టా తర్వాత పనిచేసుకోనిచ్చే ‘ఓపీటీ’ గడువు మూడేళ్లు.

స్విస్ పిల్లల్లో మూడింట రెండొంతుల మంది అసలు విశ్వవిద్యాలయం దారినే పోరు. పదిహేను, పదహారేళ్లకు అప్రెంటిస్‌గా చేరి, వారంలో ఒకటి రెండు రోజులు బడికి, మిగతా రోజులు పనికి వెళ్తారు, చిన్న జీతం తీసుకుంటూ. రాతిపని కూడా అందులో ఉంది, చివర్లో ప్రభుత్వ ధ్రువపత్రంతో. ఆళ్లగడ్డ శిల్పుల ఇళ్లలో పిల్లవాడు తండ్రి పక్కన కూర్చుని ఉలి పట్టుకోవడం అంతకంటే పాత అలవాటే. ఆ శిల్పాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెక్కే పిల్లవాడికి మాత్రం ఏ కాగితమూ లేదు. అందుకే ఇంటర్ కాగానే ఆ తండ్రే వాణ్ణి కంప్యూటరు కోర్సులో చేరుస్తున్నాడు. తాను చెక్కుతున్న విగ్రహం కొడుకు కంటే ముందే సముద్రం దాటినా దాటవచ్చు.