మీట మెత్తనైతే గురి కుదురుతుందా?

తెలుగు పండితునికి తుపాకీతో ఏమి పని అని మీరు నవ్వవచ్చు. పద్యపాఠం చెబుతూనే పాఠశాలలో ఎన్.సి.సి. బాధ్యత కూడ కొన్నేళ్ళు మోసినవాణ్ణి. పైగా నివాసం రెజిమెంటల్ బజారు. పేరులోనే పటాలం ఉన్నది. ఆ చనువుతోనే కాబోలు, పూర్వవిద్యార్థి ఒకడు అడిగాడు: "సార్, మావాడు ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నాడు. ట్రిగ్గర్ మరీ గట్టిగా ఉంది. తక్కువ ఖర్చులో వేరేది వేయించవచ్చా?"

తొందరపడవద్దన్నాను.

వాని కోరికలో న్యాయం లేకపోలేదు. 2012లో లండన్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల పోటీలో, పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు; గుండు వ్యాసమే 4.5 మిల్లీమీటర్లు. వేలు కాస్త బిగిసినా గురి తప్పుతుంది. తెలుగులో ట్రిగ్గరును మీట అంటాము గాని, వీణ తీగను మీటినట్లు దీనిని మీటరాదు. మెల్లగా, తిన్నగా వెనుకకు నొక్కాలి.

అయితే ఆ పోటీ రైఫిలు జాతి వేరు. అందులో శక్తి అంతా సిలిండరులోని సంపీడిత వాయువుది. మీట ఒక చిన్న సుత్తిని విడిస్తే చాలు. చవక రైఫిలు సాధారణంగా స్ప్రింగుది. గొట్టం మడిచి ఎక్కుపెట్టినప్పుడు అణగిన ఆ స్ప్రింగు బలాన్నంతా లోపలి ఉక్కు కొక్కెం ఆపుతుంది. అది గట్టిగా పట్టుకొనకపోతే ప్రమాదం. మీట బరువుకు ముఖ్యకారణం అదే.

ఇక చవక మార్గమంటే ఎవరో ఒకరు ఆకురాయి తీస్తారు. కొక్కెం అంచు అరగదీస్తే మీట మెత్తబడే మాట నిజమే. కాని ఉక్కుపై గట్టిపరచిన పొర చాలా పలుచన. అది పోతే లోపలి మెత్తని లోహం త్వరగా అరుగుతుంది. ఒకనాడు గుండు పెడుతుండగా కొక్కెం జారిందా, తెరచిన గొట్టం విసురుగా వచ్చి మూసుకొంటుంది. అప్పుడు ఆ సందులో ఉండేది పిల్లవాని వేలు!

మార్చక తప్పదనుకొంటే, సరిగ్గా ఆ నమూనాకే తయారైన పూర్తి ట్రిగ్గరు అమరిక తీసికొనాలి. కొన్ని నమూనాలకు పైకి కనిపించే మీటపలక ఒక్కటే విడిగా దొరుకుతుంది. కొక్కెం జోలికి పోదు, వేలికి పట్టు కుదురుతుంది. జర్మనీ వైరాఖ్ వారి రెకార్డ్ వంటి అమరికకు సర్దుబాటు మరలు ముందే ఉంటాయి. అసలు తన రైఫిలుకు అటువంటి మర ఉన్నదో లేదో కూడ మనవాడు చూడలేదు! (తూటా పేల్చే రైఫిలైతే ఈ చర్చే లేదు. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం దాని మరమ్మతుకు లైసెన్సు ఉండాలి.)

మరొక మాట. మీట పరీక్షిద్దామని స్ప్రింగు రైఫిలును గుండు లేకుండా పేల్చరాదు, పిస్టన్ దెబ్బతింటుంది.

రైఫిలును ముందు శిక్షకునికి చూపి, మర ఉంటే ఆయన ఎదుటనే సరిచేయించమన్నాను. మిగిలిన డబ్బుకు గుళ్ళ డబ్బాలు కొనమన్నాను.