ఆ గంట ఎవరిస్తారు?

ఎనిమిదో తరగతి పిల్లలకు నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. కేంద్ర ప్రభుత్వం 2008లో ప్రారంభించింది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లోని పేద పిల్లలే దీనికి అర్హులు. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి.

కొడుకుని అమలాపురం కాన్వెంటుకి పంపి, కూతుర్ని ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో వేసే ఇళ్ళు మా కోనసీమలో నేను చాలా చూశాను. అలాంటి కూతుళ్ళకు చేతికందే అవకాశమిది.

పరీక్షలో 180 ప్రశ్నలు. సగం ఆలోచనాశక్తికి, సగం పాఠాలకు. టీచర్లు బడిలో ఎంత చెప్పినా సాధన ఇంట్లో జరగాలి. రాజోలు వైపు ఎందరో తల్లులు గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళారు, పిల్లల చదువు కోసమే. ఇక్కడ వంట, అంట్లు, తమ్ముడి ఆలనా పదమూడేళ్ళ పిల్ల మీద పడ్డాయి. ఆమె పుస్తకం ఎప్పుడు తీయాలి? తీరా మార్కులు తగ్గితే, ఆడపిల్లకు లెక్కలు రావంటాం.

గైడు కొనిచ్చి ఊరుకుంటే చాలదు. తండ్రి అంట్లు తోమాలి. ఆదాయ ధ్రువపత్రం తేవాలి. పిల్ల పేర బ్యాంకు ఖాతా తెరవాలి. ఏటా రెన్యువల్ చేయించాలి, లేకపోతే వచ్చిన స్కాలర్‌షిప్పూ ఆగిపోతుంది.

తల్లి దూరదేశంలో ఉన్న పిల్లల కాగితాల పని మన సంఘాలే చేయించాలి. పొదుపు సమావేశాల్లో వాయిదాల లెక్కతో పాటు ఇదీ అడుగుదాం: మీ అమ్మాయికి రోజుకో గంట చదువుకోనిస్తున్నారా?