హలాల్ మార్కెట్టులో మన స్థానం ఎక్కడ?

హలాల్ అనగానే చాలామందికి మాంసం దుకాణమే స్ఫురిస్తుంది. నేడు ఆ మాట ఔషధాలకు, సౌందర్య సాధనాలకు, వస్త్రాలకు, పర్యాటకానికి సైతం విస్తరించింది. 2022లో ఇటువంటి రంగాలలో ప్రపంచ ముస్లింల వ్యయం సుమారు 2.29 లక్షల కోట్ల డాలర్లని దీనార్ స్టాండర్డ్ సంస్థ అంచనా. ఈ అంకెను చూసి మురిసే ముందు, అమ్మేవారెవరు, కొనేవారెవరు అని విచారించుకోవాలి.

హలాల్ కోడిమాంసం ఎగుమతిలో అగ్రస్థానం బ్రెజిల్‌ది. అక్కడి జనాభాలో ముస్లింలు అత్యల్పులు. నాణ్యతను, ధ్రువీకరణను శ్రద్ధగా సమకూర్చుకొని ఆ దేశం ఈ స్థితికి చేరింది.

మన దేశంలోని తీరు వేరు. మాంస ఎగుమతుల కోసం కేంద్ర ప్రభుత్వమే 2023లో హలాల్ ధ్రువీకరణ విధివిధానాలను ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం హలాల్ ముద్ర గల ఉత్పత్తుల అమ్మకాన్ని నిషేధించింది. ఎగుమతులకు మాత్రం మినహాయింపునిచ్చింది. పరదేశీయుని పళ్ళెంలో గౌరవం పొందే ముద్ర స్వదేశీ పౌరుని చేతిలో నేరమెట్లా అవుతుంది? ఈ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. న్యాయపోరాటం సాగవలసిందే. అయితే తీర్పు కోసం ఎదురుచూస్తూ చేతులు ముడుచుకొని కూర్చోవడం తగదు.

ఇండోనేషియా 2014లో చట్టం చేసి, 2024 అక్టోబరు నుండి పెద్ద, మధ్యతరహా ఆహార సంస్థలకు హలాల్ ధ్రువీకరణను తప్పనిసరి చేసింది. చిన్న వ్యాపారులకు 2026 వరకు గడువిచ్చింది. వారిలో ఎందరికో ఉచిత ధ్రువీకరణను కల్పించింది. బలహీనుని వెనుక వదలని విధానమంటే ఇదే.

మన పట్టణాలలో పచ్చళ్ళు, మసాలాలు, బిస్కెట్లు చేసి అమ్మే సోదరీమణులు ఎందరో ఉన్నారు. వారికి చేతిపని తెలుసు, కాగితం పని తెలియదు. ఉద్యమ్ నమోదు, ఆహార భద్రతా లైసెన్సు, బ్యాంకు రుణం అనే మూడు మెట్లు ఎక్కించగల విశ్రాంత ఉద్యోగులు ప్రతి మహల్లాలోనూ ఉన్నారు. మసీదు కమిటీలు వారానికొక పూట వారిని కూర్చోబెట్టి దరఖాస్తులు నింపించలేవా?

దివ్యఖుర్ఆన్‌లో హలాల్ పక్కనే తయ్యిబ్ అన్న మాట ఉంది: ధర్మసమ్మతంతో పాటు పరిశుద్ధం. కల్తీ చేసిన సరుకుకు, కూలి ఎగవేసిన సంపాదనకు ఏ ముద్ర వేసినా ఆ పరిశుద్ధత రాదు. నిజాయితీతో తయారు చేసేవారు మనలో పెరిగిన నాడే ఈ మార్కెట్టు ఎదుగుదల మన ఇంటి పొయ్యి వరకు వస్తుంది.