పేరు పట్టుకుని వచ్చినవారికి

అమెరికాలోని ఉత్తర కెరొలైనా రాష్ట్రంలో, లిన్‌విల్ అనే చిన్న ఊరికి సమీపాన, గ్రాండ్‌ఫాదర్ పర్వతం చెంత మెక్రే మైదానమనే పచ్చికబయలు ఒకటి ఉన్నది. 1956 ఆగస్టు 19న ఆగ్నెస్ మెక్రే మార్టన్, డొనాల్డ్ మెక్‌డొనాల్డ్ అనే ఇరువురి పూనికతో అక్కడ స్కాట్లండు కొండసీమల ఆటల పండుగ మొదటిసారి జరిగింది. ఇప్పుడది జూలై నెలలో జరిగే ఉత్సవం. మనిషికి రెండు మూడింతల పొడవున్న దూలాలను ఎత్తి విసిరే బలశాలురు, బ్యాగ్‌పైపు వాద్యబృందాలు, నేలపై అడ్డంగా పరచిన కత్తుల నడుమ నాట్యమాడే బాలికలు — చూడవచ్చినవారి కళ్లకు మొదట కనబడేవి ఇవే.

మైదానం అంచున వరుసగా వేసిన గుడారాలు మాత్రం వేరొక కథ చెబుతాయి. ఒక్కొక్క గుడారం ఒక్కొక్క 'క్లాన్' సంఘానిది. కాంబెల్, మెక్‌డొనాల్డ్, మెకంజీ, ఫ్రేజర్ — ఇలా పేర్లు రాసిన పతాకాలు. లోపల ఒక బల్ల, కొన్ని పుస్తకాలు, ఒక పటం, గళ్ల ఉన్నిబట్ట తునకలు. బల్ల వెనుక ఇద్దరు ముగ్గురు స్వచ్ఛంద సేవకులు. వారిలో ఒకరు విశ్రాంత ఉపాధ్యాయుడు కావచ్చు, మరియొకరు బ్యాంకు గుమస్తా కావచ్చు. చరిత్ర పండితులే కానక్కరలేదు. వారి ముందుకు ఒక అపరిచితుడు వచ్చి, "నా పేరు ఇది. నేను మీవాడినేనా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు వారిని ఎలా సిద్ధం చేయాలన్నదే ఈ మాసపు విషయం.

ఈ శీర్షిక పాఠకులకు మాటల పుట్టుపూర్వోత్తరాల మీద నాకున్న మక్కువ క్రొత్త కాదు. 'క్లాన్' అనే మాటను తెలుగు చేయబోతే కలం కొంత తటపటాయిస్తుంది. 'కులం' అందామా, ఆ మాటకు మన దేశంలో ఉన్న అర్థమూ బరువూ వేరు. 'గోత్రం' అందామా, గోత్రం ఋషిని చెబుతుంది గాని నేలను చెప్పదు. 'వంశం' అంటే అందరిదీ ఒకే రక్తం కావాలి. గేలిక్ భాషలో ఈ మాటకు మూలార్థం 'పిల్లలు', 'సంతానం'. నాయకుడు తండ్రివంటివాడు, ఆయన అండన బ్రతికేవారందరూ బిడ్డలవంటివారు — ఇదీ దాని వెనుకనున్న భావన. ఆ అండన చేరిన కౌలుదార్లు, సేవకులు ఎందరో కాలక్రమాన ఆ నాయకుని పేరునే తమ పేరుగా చేసుకున్నారు. కనుక పేరు ఒక్కటైనంత మాత్రాన రక్తం ఒక్కటని చెప్పడానికి వీలులేదు. గుడారంలో కూర్చునేవారు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే.

వచ్చేవారు ఎందుకు వస్తారో తెలియడం రెండవ పాఠం. 1746 ఏప్రిల్ 16న కలోడెన్ యుద్ధంలో స్టూవర్ట్ రాకుమారుని పక్షాన పోరాడిన కొండసీమల సైన్యం ఓడిపోయింది. ఆ ఏడాదే చేసిన చట్టం కొండవారి దుస్తులను నిషేధించింది. మొదటి తప్పుకు ఆరు నెలల చెర, రెండవసారికి ఏడేండ్ల ద్వీపాంతరవాసం. ఆ నిషేధం 1782లో గాని తొలగలేదు. ఆ తరువాత గొర్రెల పెంపకం లాభసాటి కాగా, భూస్వాములు తమ పేరు మోసే కౌలుదార్లనే లోయల నుంచి వెళ్లగొట్టారు. సదర్లండు ఎస్టేటుకు చెందిన స్ట్రాత్‌నేవర్ లోయలో 1814లోను, 1819లోను జనాన్ని ఖాళీ చేయించి ఇండ్ల కప్పులకు నిప్పు పెట్టారు. తండ్రి అనుకున్నవాడే గడప దాటించాడు. ఆ విధంగా ఓడలెక్కిన వారి మునిమనుమలకు మిగిలినది ఒక్కొక్కప్పుడు పేరు ఒక్కటే. ఆ పేరు పట్టుకుని వారు గుడారం ముందు నిలబడతారు.

అలాగని ప్రతి కుటుంబాన్నీ కలోడెన్‌తో ముడిపెట్టరాదు. ఆర్గైల్ ప్రాంతం నుంచి ఒక బృందం 1739లోనే ఉత్తర కెరొలైనాలోని కేప్ ఫియర్ నదీలోయకు చేరింది. యుద్ధానికి ఏడేండ్ల ముందు వచ్చినవారిని యుద్ధానంతరం పారిపోయి వచ్చినవారని చెప్పడం కథకు అందమే కావచ్చు, చరిత్రకు మాత్రం అన్యాయం.

ఇక బల్ల మీది సరంజామా. కొండగాలికి లేచిపోకుండా గుడారపు కాళ్లకు బరువులు, మోకులు, వానకు పుస్తకాలు తడవకుండా మైనపుగుడ్డ, తాగునీరు, కుర్చీలు, గోడ పటంగా స్కాట్లండు దేశపటం. పటం తప్పనిసరి. దూరదేశం గురించి విని మాత్రమే ఉన్న మనిషికి, వేలు పెట్టి ఒక లోయను చూపించడం కంటే గొప్ప ఆతిథ్యం లేదు. వచ్చినవారి పేరు, చిరునామా వ్రాసుకునే పుస్తకం ఒకటి — వారి సమ్మతితో మాత్రమే. ఒకరు ఎండలో రోజంతా కూర్చుంటే మధ్యాహ్నానికి మాటలో తీపి తగ్గుతుంది. కనుక గంటల లెక్కన వంతులు వేసుకోవాలి. ప్రతి వంతులోను ఒక పాతవారిని, ఒక క్రొత్తవారిని జత చేయాలి. ఇవన్నీ చేతులతో అమర్చేవి. నోటితో అమర్చవలసినవి ఇంతకంటే కష్టం.

వచ్చిన ప్రతివారూ అడిగేవి ప్రధానంగా మూడు ప్రశ్నలు. "నా టార్టన్ ఏది?" అనేది మొదటిది. టార్టన్ అంటే గళ్ల ఉన్నిబట్ట. ఒక్కొక్క క్లాన్‌కు ఒక్కొక్క గళ్ల నమూనా అనాదిగా ఉన్నదని లోకం నమ్మకం. నిజానికి కలోడెన్ నాటి యోధులు శత్రుమిత్రులను గుర్తించినది గళ్లను బట్టి కాదు, టోపీలో ధరించిన గుర్తును బట్టి. 1815లో లండన్‌లోని హైలాండ్ సొసైటీ ఒక్కొక్క నాయకుని నుంచి ఆయన వంశపు టార్టన్ నమూనాను కోరినప్పుడు, తమది ఏదో చెప్పలేని నాయకులే ఉన్నారు. 1822 ఆగస్టులో నాలుగవ జార్జి రాజు ఎడింబరో సందర్శించినప్పుడు సర్ వాల్టర్ స్కాట్ నడిపిన వైభవంతో ఈ వేషం జాతీయ వేషమైపోయింది. బానక్‌బర్న్‌లోని విల్సన్ నేతసంస్థ నమూనాలకు పేర్లు పెట్టి అమ్మింది. 1842లో ఇద్దరు సోదరులు పురాతన గ్రంథమని ప్రకటించిన ఒక టార్టన్ల పుస్తకం కల్పితమని తరువాత తేలింది; అందులోని నమూనాలు కొన్ని మాత్రం ఈనాటికీ వాడుకలో ఉన్నాయి.

ఇదంతా వచ్చినవారికి ఏకరువు పెట్టి వారి సంతోషాన్ని చల్లార్చమని కాదు. రెండు వందల సంవత్సరాలుగా ఒక జనం ప్రేమతో ధరించిన గుడ్డ, పుట్టుక ఎలా ఉన్నా, ఇప్పుడు వారి సొంతమే. సేవకుడు చెప్పవలసినది ఇంతే: "ఈ నమూనాను మా సంఘం తనదిగా భావిస్తుంది. దీన్ని ధరించకూడదనే చట్టం ఎవరికీ లేదు." 2008లో చేసిన చట్టం మేరకు స్కాట్లండు ప్రభుత్వం టార్టన్ల రిజిస్టరు ఒకటి నిర్వహిస్తున్నది; సందేహం ఉన్నవారిని అక్కడికి పంపవచ్చును.

రెండవ ప్రశ్న — "మా కుటుంబ చిహ్నం ఏది?" ఇక్కడ చట్టం కచ్చితమైనది. స్కాట్లండులో వంశచిహ్నాలు కుటుంబానివి కావు, ఒక వ్యక్తివి. వాటిపై అధికారం లార్డ్ లయన్ న్యాయస్థానానిది. 1672 నాటి చట్టం ఇప్పటికీ అమలులో ఉన్నది. క్లాన్ నాయకుని శిరోలాంఛనాన్ని, చుట్టూ ఒక పటకా, దానిమీద ఆయన ధ్యేయవాక్యం ఉన్న బిళ్లగా ఎవరైనా ధరించవచ్చును. దాని అర్థం "ఇది నాది" అని కాదు, "నేను ఆయనవాడిని" అని. ఈ ఒక్క వాక్యం నేర్చుకున్న సేవకుడు, పక్క దుకాణంలో తన పేరున 'కుటుంబ చిహ్నం' కొనబోయే వృద్ధుని డబ్బును కాపాడగలడు.

మూడవదే అసలు ప్రశ్న — "నా పేరు మీ పట్టికలో ఉన్నదా?" ప్రతి సంఘం వద్దా ఉపశాఖల పేర్ల పట్టిక ఒకటి ఉంటుంది. వాటిని 'సెప్ట్' అంటారు. ఈ పట్టికల్లో అధికభాగం పందొమ్మిదవ శతాబ్దిలో కూర్చినవి. స్మిత్ అంటే కమ్మరి, మిల్లర్ అంటే పిండిమర నడిపేవాడు. ఏ లోయలోనైనా కమ్మరి ఉండకపోడు. అటువంటి పేరు నాలుగైదు గుడారాల పట్టికల్లో కనబడడంలో వింత లేదు. దీనికి విరుద్ధమైన కథ మెక్‌గ్రెగర్‌లది. 1603లో రాజశాసనం ఆ పేరునే నిషేధించింది. నడుమ కొంతకాలం సడలినా పూర్తిగా తొలగినది 1774లో. ప్రాణభయంతో వారు గ్రాంట్, డ్రమండ్, కాంబెల్ వంటి ఇతరుల పేర్లు తొడుక్కున్నారు. కథలకెక్కిన రాబ్ రాయ్ సైతం కాంబెల్ పేరు వాడినవాడే. కనుక పేరు లేనివాడు మనవాడు కావచ్చు, పేరున్నవాడు కాకపోవచ్చు.

ఇక్కడే సేవకునికి పరీక్ష. సంఘానికి సభ్యులు కావాలి, చందాలు కావాలి. ఎదుటివాని కళ్లలో ఆశ ఉన్నది. "ఔను, మీరు మావారే, మీ తాత కలోడెన్‌లో పోరాడాడు" అంటే ఇరువురికీ ఆనందమే. ఆ మాట ఇంటికి వెళుతుంది, పిల్లలకు చేరుతుంది, ముందుతరాల వంశవృక్షంలో అచ్చవుతుంది. ఒకసారి కోల్పోయిన జ్ఞాపకాన్ని వెతుక్కుంటూ వచ్చినవానికి దొంగ జ్ఞాపకం అంటగట్టడం రెండవసారి దోచుకోవడమే. "తెలియదు, అయితే తెలుసుకునే మార్గం చెబుతాను" అనే వాక్యాన్ని తలవంపు లేకుండా పలకగలగడమే ఈ సేవకుని విద్య.

ఆ మార్గమూ కష్టమైనది కాదు. మూడు ప్రశ్నలు అడగాలి: మీకు తెలిసిన అతి పూర్వీకుని పేరేమి? ఆయన ఏ కాలంవాడు? స్కాట్లండులో ఏ పారిష్ నుంచి వచ్చాడు? పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని ఊళ్ల సముదాయం. ఇది తెలియనిదే వెతుకులాట ముందుకు సాగడం కష్టం. కనుక ముందు అమెరికాలోని సమాధి ఫలకాలు, కుటుంబ బైబిళ్లు, వీలునామాలు చూడమనాలి. స్కాట్లండులో జనన మరణ వివాహాల ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న ఆరంభమైనది. అక్కడి మరణపత్రంలో తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటిపేరుతో సహా ఉంటాయి. అంతకు ముందుకు పోవాలంటే చర్చి పుస్తకాలే శరణ్యం. ఇవి స్కాట్లండు ప్రభుత్వ దస్తావేజుల శాఖ ద్వారా ఇప్పుడు ఇంట కూర్చునే చూడవచ్చును. ఈ నాలుగు సంగతులు ఒక కాగితం మీద అచ్చువేసి చేతికిస్తే, దారి చూపినట్లే.

మరియొక సంగతి సేవకులతో ముందుగానే మాట్లాడాలి. జమైకాలో కాంబెల్ అతి సాధారణమైన పేర్లలో ఒకటి. స్కాట్లండువారు అక్కడి చెరకుతోటల యజమానులుగా, పర్యవేక్షకులుగా ఉన్నారు; వారి బానిసల సంతతికి వారి పేర్లు సంక్రమించాయి. అమెరికా దక్షిణ రాష్ట్రాలలోనూ అంతే. నల్లజాతి కుటుంబం ఒకటి గుడారం ముందు ఆగి అదే ప్రశ్న అడిగినప్పుడు, సేవకుని ముఖంలో ఒక్క క్షణం కలిగే ఆశ్చర్యమే వారికి జవాబుగా తోస్తుంది. క్లాన్ అంటే రక్తం కాదు, పేరూ అండా అని మనమే చెప్పుకున్నాము గదా; ఆ న్యాయం ఇక్కడ సడలరాదు. వారికీ అదే కుర్చీ, అదే పటం, అవే మూడు ప్రశ్నలు. ఆ పేరు ఎలా వచ్చినదో వారే చెబితే, మాట మార్చకుండా వినాలి.

ఈ విద్యలో స్కాట్లండుకూ మనకూ ఒక పాత బంధం ఉన్నది. లూయిస్ దీవిలోని స్టోర్నవేలో పుట్టిన కాలిన్ మెకంజీ 1783లో మద్రాసు చేరి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయినాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి తెలుగువారు ఆయనకు కన్నూ చెవీ అయినారు. ఊరూరా తిరిగి, కరణాలను, వృద్ధులను అడిగి, శాసనాలు చూసి వారు సేకరించినవే కైఫియ్యతులు. వాటిలో పురాణం ఉన్నది, పుక్కిటి కథ ఉన్నది, నిజమూ ఉన్నది. అయినా ఫలానా ఊరివారు చెప్పినది ఇది అని ఊరి పేరుతో నిలిచింది గనుక, ఇప్పటి చరిత్రకారుడు పొల్లును గింజను వేరు చేయగలుగుతున్నాడు. గుడారంలోని పుస్తకంలో కూడా ఈ క్రమమే ఉండాలి: కుటుంబం చెప్పుకునేది ఒకవైపు, కాగితం చెప్పేది మరొకవైపు.

కనుక పండుగకు ముందు ఒక పూట అందరూ కూర్చోవాలి. ఒకరు సందర్శకునిగా నటించి చిక్కు ప్రశ్నలు వేయాలి: తొందరపడేవాడు, కన్నీరు పెట్టేవాడు, తానే రాకుమారుని వారసుడనని వాదించేవాడు. మిగిలినవారు జవాబులు చెప్పి చూడాలి. జవాబు పొడుగైతే కుదించాలి, కల్పన చేరితే ఆపాలి. పండుగ ముగిసిన తరువాత, పుస్తకంలో పేరు వ్రాసిన ప్రతివారికీ మాట ఇచ్చినట్లు ఒక ఉత్తరం వెళ్లాలి. గుడారం విప్పడంతో పని ముగిసినట్లు కాదు.

పేరు పట్టుకుని వచ్చినవారికి వంశవృక్షం చేతికీయడం ఎవరి తరమూ కాదు. కూర్చోబెట్టి, విని, నిజమైన దారి ఒకటి చూపడం మాత్రం ఎవరికైనా సాధ్యమే. అది నేర్పినప్పుడే సేవకుడు సిద్ధమైనట్లు.